సగం ముఖంతో అంగట్లో కూర్చున్న రోజులు

ఇప్పుడు కాఫీ గ్లాసుతోనే తాగుతున్నాను. ఒక్క చుక్క కూడా చీర మీద పడటం లేదు. ఈ మాట ధైర్యంగా రాయడానికి నాకు అయిదు నెలలు పట్టింది. నాలాగా ఒక పొద్దున అద్దంలో చూసుకుని బెదిరిపోయిన వాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం, కొంత నా కోసం కూడా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పేరు పద్మావతి. ఉరవకొండలో మాకు బట్టల అంగడి ఉంది. మా మామగారు పెట్టిన అంగడిని నేనూ మా ఆయన రామసుబ్బయ్యా ఇరవై మూడేళ్లుగా నడుపుతున్నాం. ఆయన బట్టల బేళ్లు విప్పుతారు, పై అరల్లోంచి చీరలు దించుతారు, మళ్లీ మడతపెడతారు. మాట్లాడటం నా పని. పద్మక్క మాటల్లో పడితే చీర కొనకుండా మెట్లు దిగలేమని ఊళ్లో ఆడవాళ్లు అంటుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. మా ఆయన రోజుకు పాతిక మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయనకు చెప్పడానికి ఏమీ ఉండదని నేను ఎప్పుడో తీర్మానించేసుకున్నాను.

శివరాత్రి అయిన మరుసటి వారం ఎడమ చెవి వెనక సన్నగా నొప్పి మొదలైంది. ముందు రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను కదా, గాలి కొట్టి ఉంటుందిలే అనుకున్నాను. రెండో రోజు పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తే, నీళ్లు నోటి ఎడమ మూల నుంచి చివ్వున చిమ్మి అద్దం మీద పడ్డాయి. నవ్వొచ్చింది. తడి అద్దంలో కుడి చెంప ఒక్కటే నవ్వింది. ఎడమ చెంప ఎవరిదో అన్నట్టు వేలాడుతూ ఉంది. ఎడమ కన్ను మూయబోతే మూతపడలేదు.

మా తాత పక్షవాతంతో ఆరేళ్లు మంచంలో ఉన్నాడు. నేను చిన్నప్పుడు ఆయనకు చెంచాతో జావ పోసేదాన్ని. ఆ చెంచా గుర్తొచ్చింది. "ఏమండీ" అని కేకేయబోతే అది "ఏహండీ" అని వచ్చింది. మా ఆయన వచ్చి నన్ను చూశారు. ముఖంలో ఏమీ కనపడనియ్యలేదు.

"చీర మార్చుకో. అనంతపురం పోదాం," అన్నారు. అంతే.

బస్సులో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ దారిలో తిరిగే కండక్టరు నాకు బాగా తెలుసు. వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల నుంచి బిడ్డ చదువు దాకా ప్రతిసారీ అడిగేదాన్ని. ఆ రోజు మా ఆయన "రెండు అనంతపురం" అన్నారు. కండక్టరు నా వైపు వంగి, "ఏమక్కా, ఈపొద్దు పలకవు? నా మీద కోపమొచ్చినాదా?" అన్నాడు. నేను చెయ్యి ఊపాను. ఏమనుకున్నాడో, టికెట్లిచ్చి చిన్నబుచ్చుకుని వెనక్కి పోయాడు. నేను ఊరుకున్నా నా మౌనం ఏదో ఒకటి చెబుతూనే ఉంటుందనీ, అది నేను చెప్పాలనుకున్నది కాదనీ నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది.

ఆసుపత్రిలో మా నంబరు రావడానికి రెండు గంటలు పట్టింది. నా పక్కన తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన. ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుతాడట, చెవుల కోసం వచ్చాడు.

"యాడనుంచి వచ్చినారమ్మా?" అని అడిగాడు. నేను పలకలేదు. నాకూ వినపడదనుకున్నాడు పాపం. ఇంకా గట్టిగా అరిచి అడిగాడు. హాలంతా మా వైపు తిరిగింది. ఇక లాభం లేదని కొంగు తీసి నా ముఖం చూపించాను.

ఆయన బెదరలేదు, అయ్యో పాపమని నోరు చప్పరించలేదు. గొర్రెను చూసినట్టు నిదానంగా చూశాడు.

"మూతి ఒగ పక్కకు పోయినాదా. కాళ్లు చేతులు ఆడతాండాయా?"

రెండు చేతులూ ఎత్తి చూపించాను.

"ఆడతాండాయి గదా, ఇంగేంటికమ్మా అంత భయం? నాకు చెవులు పోయి మూడేండ్లాయ. మాట ఇనపడకపోయినా మనిషిని జూస్తే తెలుస్తాది. గొర్రెలు నోరు తెరిచి చెప్తాయా, యాడ నొప్పిగా ఉండాదో? నీ ముఖం సగమే చెప్తాండాది గాని, నాకు అర్థమైతాండాదిలే."

తువ్వాలు ముడి విప్పి నాకు గుప్పెడు వేయించిన శెనక్కాయలు ఇచ్చాడు. నేను నమలలేనని ఆయనకు తెలియదు. వద్దనబుద్ధి కాలేదు. నా నంబరు పిలిచేదాకా వాటిని గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, ఆ రోజు నాకు మొదట పనిచేసిన మందు అదే.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. పేరు అడిగింది. "హద్నావతి," అన్నాను. పెదాలు కలిస్తే కదా ప పలికేది! ప, బ, మ మూడూ గాలిలో కలిసిపోతున్నాయి. నా పేరు నేనే చెప్పలేక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె నుదురు ముడవమంది, బుగ్గలు పూరించమంది, ఈల వేయమంది.

"బాగున్నప్పుడే నాకు రాదమ్మా," అన్నాను ఎలాగో. ఆమె ఫక్కున నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు.

ఇది మా తాతకు వచ్చిన జబ్బు కాదట. ముఖానికి వెళ్లే నరం ఒకటి వాచిందట. తొందరగా వచ్చి మంచి పని చేశారంది. మాత్రలు, కంట్లో చుక్కల మందు, పడుకునేటప్పుడు కన్ను మూసి అతికించుకోవడానికి పట్టీ రాసిచ్చింది. చాలామందికి పూర్తిగా తగ్గిపోతుందని చెప్పింది. నేను బయటికొచ్చి కూర్చున్నాను. మా ఆయన చీటీ తీసుకోవడానికి లోపల ఇంకో రెండు నిమిషాలు ఉన్నారు. ఆ రెండు నిమిషాల సంగతి నాకు తర్వాత తెలిసింది.

మొదటి వారం ఇంట్లోనే ఉన్నాను. చూడటానికి వచ్చినవాళ్లు నా ఎదురుగా కూర్చుని మా ఆయన్ను అడిగేవాళ్లు: "అక్క తింటాందా? అక్కకు నిద్ర పడతాందా?" నేను అక్కడే ఉన్నాను కదా! మూతి వంకరపోతే చెవులు కూడా పోయినట్టు, బుర్ర కూడా పోయినట్టు. ఒకామె దిష్టి అంది. ఇంకొకామె ఏదో ఊళ్లో పసరు పోస్తారంది. ఈ పరామర్శలకంటే అంగడే నయమని ఎనిమిదో రోజు వెళ్లి మూల స్టూలు మీద కూర్చున్నాను.

అక్కడ ఇంకో చిక్కు వచ్చిపడింది. నేను రెప్ప వేస్తే కుడి కన్ను ఒక్కటే మూతపడేది. తువ్వాలు కొనడానికి వచ్చిన ఒక రైతు నన్ను చూశాడు, నేను రెప్ప వేశాను. అతను అటూ ఇటూ చూసి, మళ్లీ నన్ను చూశాడు. నేను మళ్లీ రెప్ప వేశాను. తువ్వాలు బల్ల మీదే వదిలేసి గబగబా మెట్లు దిగిపోయాడు. అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మహబూబన్న ఇదంతా చూసి కిందామీదా పడి నవ్వాడు.

మహబూబన్న పదిహేనేళ్లుగా మా అరుగు మీదే ఉన్నాడు. రోజుకు ఎన్నిసార్లు పిలుస్తానో లెక్కలేదు. ఇప్పుడు ఆ పేరు నాకు పెద్ద కొండైపోయింది. ఎంత కష్టపడినా "హహూహన్నా" అని గాలే వచ్చేది.

"అక్కా, నన్ను పిలుస్తాండావా, పొయ్యి ఊదుతాండావా?" అన్నాడు ఒకసారి. నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. అతను సూది పక్కన పెట్టి కొంచెం ఆలోచించాడు.

"ఒగ పని చెయ్యి. ఖాదర్ అని పిలు. మా నాయన పేరు. దాంట్లో పెదాలకు పనే లేదు."

నాలుకతో పలికి చూశాను. ఖాదర్. చక్కగా వచ్చింది! ఆ రోజు నుంచి అతన్ని వాళ్ల నాయన పేరుతోనే పిలిచాను. రెండు మూడు రోజుల తర్వాత, దారం కొరుకుతూ నా వైపు చూడకుండా అన్నాడు: "మా నాయన పోయి ఏడేండ్లాయక్కా. ఇప్పుడు రోజుకు పదిసార్లు ఆయన పేరు ఇనపడతాండాది. బాగుండాది."

ఇక మాట్లాడే పని మా ఆయన మీద పడింది. మొదటి రోజు ఒకామె వచ్చి నిలబడితే ఈయనా అలాగే నిలబడ్డారు.

"ఏమన్నా చూపించప్పా సామీ!" అంది ఆమె చివరికి.

"ఎవరికమ్మా చీర?" అని అడిగారు ఈయన.

"మాయమ్మకు. కంటి ఆపరేషన్ అయినాది. అంతా కొత్తగా కనపడతాండాదంట."

నేనైతే ఆ పాటికి పది చీరలు విప్పి ఆమె భుజం మీద వేసేసి ఉండేదాన్ని. ఈయన అడుగుతున్నారు, ఆమె చెప్పేదాకా ఆగుతున్నారు. వాళ్లమ్మ ఏ ఊళ్లో ఉంటుంది, ఆపరేషన్ కాకముందు ఏ రంగు గుర్తుపట్టేది కాదు, అన్నీ అడిగారు. నాకు చేతులు దురద పెట్టి గజం బద్దతో బల్ల మీద టకటకా కొట్టాను. ఆయన వినిపించుకోలేదు. నాలుగే చీరలు విప్పారు. ఆమె ఒకటి తీసుకుని, వారం తర్వాత వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చి, "ఈయప్పే" అని మా ఆయన్ను చూపించింది.

ఉగాది ముందు ఒక పెళ్లి బేరం వచ్చింది. పెళ్లికూతురి తల్లి, మేనత్త, ఇంకో ఇద్దరు. నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. బల్ల మీద ఎర్ర చీరలు గుట్టపడ్డాయి. మామూలుగా నేను తల్లి వైపు చేరిపోయేదాన్ని, ఎందుకంటే కొనేది ఆమె. ఇప్పుడు నా మూల నుంచి చూస్తుంటే పెళ్లికూతురు ఒక్కటే ఊరికే కూర్చుని ఉంది. మూతపడని నా ఎడమ కన్ను నీళ్లు కారుస్తూ ఉండేది. ఆ పిల్ల అది చూసి నా పక్కకు జరిగింది.

"ఏంటికక్కా ఏడుస్తాండావు?"

కాదని చెయ్యి ఊపి, ముఖం చూపించి, కన్ను తుడుచుకున్నాను. నేను మాట్లాడనని అర్థమయ్యాక ఆ పిల్లకు ధైర్యం వచ్చినట్టుంది. మెల్లగా అంది: "నాకు ఎరుపు బాగుండదక్కా. ఎవురూ అడగల్యా నన్ను."

చీరల మడతల్లో పెట్టే అట్ట ఒకటి తీసుకుని, ఏ రంగు కావాలని రాసి చూపించాను. "నెమలికంఠం," అంది చెవిలో. అట్ట మీద ఆ మాట రాసి మా ఆయన చేతికి ఇచ్చాను. ఆయన చదివి, నిచ్చెన ఎక్కి, పై అరలోంచి ఒకే ఒక చీర దించి ఆ పిల్ల ఒళ్లో పరిచారు.

"అమ్మా, కట్టుకునే పాప ఒగసారి చూడనీండి," అన్నారు తల్లితో.

తల్లి సణిగింది, మేనత్త మూతి ముడిచింది. కానీ చీర భుజాన వేసుకున్నాక ఆ పిల్ల ముఖం చూసి వాళ్లే మెత్తబడ్డారు. వాళ్లు వెళ్లిపోయాక నాకు ఒకటే బాధ. ఇరవై మూడేళ్లలో ఎంతమంది పెళ్లికూతుళ్లకు నేను ఎరుపు అంటగట్టి ఉంటాను?

ఉగాదికి చేసిన తీపి ఓళిగ ముక్క చెంపలో ఇరుక్కుంటే వేలితో తీసుకున్నాను. శ్రీరామనవమి పానకం గొట్టంతో పీల్చుకున్నాను. అయిదో వారం వచ్చింది. ముఖం ఇసుమంతైనా కదల్లేదు. పొద్దునా సాయంత్రమూ అద్దం ముందు కూర్చుని డాక్టరమ్మ చెప్పినట్టు పెదాలు సాగదీసేదాన్ని. కుడి పక్క అలసిపోయేది తప్ప ఎడమ పక్క ఉలుకూ పలుకూ లేదు. పట్టరాని కోపం వచ్చేది.

అలాంటి ఒక రోజు మహబూబన్న నన్ను ఓదార్చబోయాడు. "ఆరు వారాలు చూడమని డాక్టరమ్మ రామసుబ్బన్నకు చెప్పినాది గదక్కా. కొందరికి కొంచెం మిగిలిపోతాదంట గాని, నీకట్ల కాదులే."

నాకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. నా ముఖం సంగతి అరుగు మీద టైలరుకు తెలుసు, నాకు తెలియదు!

మధ్యాహ్నం అన్నానికి షట్టరు సగం దించాక, అట్ట మీద రాసి మా ఆయన ముందు పడేశాను. "డాక్టరు ఏం చెప్పింది? నాకెందుకు దాచారు?"

ఆయన చదివారు. క్యారియరు మూత పెట్టారు. నా చేతిలో పెన్ను తీసుకుని కింద రాయడం మొదలుపెట్టారు. మీకు నోరు బాగానే ఉంది కదా అని నేను సైగ చేశాను. తల అడ్డంగా ఊపి రాస్తూనే ఉన్నారు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నాకు అంత పొడుగు ఉత్తరం రాయలేదు.

"ఆ పొద్దే చెప్దామనుకుంటి. బస్సులో నువ్వు ఏడుస్తాంటివి, చెప్పలేకపోతి. మరుసనాడు నవ్వినావు, అప్పుడు అసలే చెప్పలేకపోతి. మహబూబుకు ఎట్లనో చెప్పేస్తి. నాకు మాట తొందరగా రాదు పద్మా. నేను వెతుక్కునే లోపల నా మాట గూడా నువ్వే చెప్పేస్తావు. నాకు అదే అలవాటైపోయినాది. నీ నవ్వు సగమే మిగిలినా నాకు చాలు."

చివరి వాక్యం రెండుసార్లు చదివాను. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. ఇంకో అట్ట లాక్కుని రాశాను: "సగం చాలని చెప్పడానికి మీరెవరు? ముఖం నాది."

ఆయన చదివి పెద్దగా నవ్వారు. అంత పెద్ద నవ్వు ఆయన దగ్గర ఉందని నాకు తెలియదు. "నిజమే," అన్నారు నోటితో. "తప్పు నాదే. ఈసారి ఇద్దరం లోపల కూర్చుందాం." ఆ మధ్యాహ్నం నాలుగు అట్టలు రెండు వైపులా నిండిపోయాయి. అందులో పెళ్లయిన కొత్తలో సంగతులు కూడా ఉన్నాయి. అవి ఇక్కడ రాయను.

ఆరో వారం ఒక సాయంత్రం మహబూబన్న ఒక జాకెట్టుకు రెండు చేతులూ ఒకే పక్కకు కుట్టేశాడు. దాన్ని పైకెత్తి, అది ఏమిటో తనకే అర్థం కానట్టు తిప్పి తిప్పి చూస్తుంటే నాకు నవ్వాగలేదు. అతను నా వైపు తిరిగి అలాగే నిలబడిపోయాడు.

"అక్కా, ఉండు. మళ్లా నవ్వు."

"ఊరికే ఎట్ల నవ్వల్ల?"

"ఎడం పక్క కదిలినాదక్కా! రామసుబ్బన్నా, బిరీన రా!"

మా ఆయన భుజం మీద చీరతోనే పరుగెత్తుకొచ్చారు. ముగ్గురం నిలువుటద్దం ముందు నిలబడ్డాం. ఎడమ మూల కదిలింది. ఆవగింజంత. అయినా కదిలింది. మా ఆయన "మళ్లా" అంటారు, నేను నవ్వుతాను, మహబూబన్న ఆ జాకెట్టు తొడుక్కుని చూపిస్తాడు. లంగా గుడ్డ కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు సంగతి తెలుసుకుని, బేరం మర్చిపోయి, నన్ను నవ్వించడానికి వాళ్ల అత్తల కథలు మొదలుపెట్టారు.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మా ఆయన ప్రశ్నలన్నీ ఒక చీర అట్ట మీద వరుసగా రాసుకొచ్చారు. ఆమె అట్టను చూసి నవ్వి, అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఇంకా కొన్ని నెలలు పట్టవచ్చు, మొత్తం వస్తుందని ఇప్పుడే చెప్పలేను అంది. అదే మాట మొదటిరోజు విని ఉంటే కుప్పకూలేదాన్నేమో. అయినా నాకే చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు దాదాపు అంతా వచ్చేసింది. నవ్వితే ఎడమ కన్ను కొంచెం చిన్నదవుతుంది. ప, బ, మ మూడూ తిరిగొచ్చాయి. నా నోరూ తిరిగొచ్చింది. మా ఆయన ఎవరితోనైనా మాట్లాడుతుంటే మధ్యలో దూరబోయి, సగంలో ఆగి, చీరలు మడతపెట్టడం నేర్చుకుంటున్నాను. రోజూ కుదరదు.

పోయిన నెలలో ఒక పొద్దున చుట్టుపక్కల పల్లె నుంచి మొగుడూ పెళ్లాలిద్దరు అంగడికి వచ్చారు. ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. బట్టలంగడి అక్కకు ఇట్లాగే అయిందని ఎవరో చెప్పారట.

"దీనికి నిన్నట్నుంచి మూతి..." అని అతను మొదలుపెట్టాడు.

"ఉండప్పా," అన్నాను. ఆమె వైపు తిరిగాను. "నువ్వు చెప్పమ్మా."

ఆమెకు చాలాసేపు పట్టింది. నేను మాట అందించలేదు. పుక్కిలిస్తే నీళ్లు చిమ్మడం, చెవి వెనక నొప్పి, పిల్లలు చూసి జడుసుకోవడం, అన్నీ అప్పటి నాలాగే గాలి పోతున్న మాటల్లోనే చెప్పింది. చివరికి అడిగింది: "నాకూ తగ్గుతాదా అక్కా?"

వెనకటి పద్మక్క అయితే తగ్గిపోతుందని చేతిలో చెయ్యేసి చెప్పేసేది.

"నాకు తగ్గినాది. నీకు డాక్టరు చూసి చెప్పల్ల. నిన్ననే వచ్చినాది గాబట్టి ఈపొద్దే పోవల్ల. పసరు గిసరు జోలికి పోవద్దు. డాక్టరు చెప్పేటప్పుడు నువ్వు లోపలే కూర్చో, బయటికి పంపితే పోవద్దు."

అనంతపురం బస్సుకు పది నిమిషాలుంది. నేను ఆసుపత్రి దారి చెప్పబోతుంటే, మా ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

"రాండి, నేనూ వస్తా. యాడ దిగల్లో, ఏ గదికి పోవల్లో నాకు తెలుసు."

నేను అరుగు మీద నిలబడి చూస్తున్నాను. ముగ్గురూ రోడ్డు దాటారు. మా ఆయన ఆమె భర్త భుజం మీద చెయ్యేసి ఏదో చెబుతున్నారు. కన్ను మీద వేలు పెట్టి చూపిస్తున్నారు, బుగ్గ పూరించి చూపిస్తున్నారు, మళ్లీ ఏదో చెబుతున్నారు. బస్సు వచ్చి ఆగింది. వాళ్లిద్దరూ ఎక్కేశారు. ఈయన ఇంకా మెట్టు కింద నిలబడి, కిటికీలోంచి వాళ్లతో మాట్లాడుతూనే ఉన్నారు.

"ఎక్కప్పా సామీ, మిగతాది లోపల మాట్లాడుకుందువు!" అని కండక్టరు అరిస్తే గాని ఆయన మాట ఆపి బస్సెక్కలేదు.